గోదారి ఇవతలి కథలు – 7: పాపన్నకు తలుపు తీసిందెవరు?

పోయిన భాగం నేలకొండపల్లిలో మొదలై గోల్కొండ చెరసాలలో ఆగింది. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న భద్రాచలంలో రాముడికి గుడి కట్టించడం, ఖజానాకు చేరాల్సిన పైకం అందుకు ఖర్చయిందని గోల్కొండ సుల్తాను తానీషా ఆగ్రహించడం, దర్బారులో చక్రం తిప్పుతున్న మేనమామలు అక్కన్న మాదన్నలు కూడా ఆయన్ను ఖైదు నుంచి తప్పించలేకపోవడం, చివరికి విడుదల కావడం చదివారు. ఆ కథలో నేరం ఒకటే, లెక్క తప్పిన పన్ను సొమ్ము. ఈసారి కథలోనూ అదే సొమ్ము ఉంది. కాకపోతే దాన్ని వసూలు చేసినవాడి గురించి కాదు, దారి కాచి కొట్టుకుపోయినవాడి గురించి.

నేలకొండపల్లి వాళ్లకు తలదాచుకునే కథలు కొత్త కాదు. ఊరి పక్క దిబ్బల్ని చూపించి ఇదే విరాటరాజు కొలువని, అదిగో కీచక గుండమని చెబుతారు. పాండవులు వంటవాడిగా, బృహన్నలగా వేషాలు మార్చుకుని ఏడాదిపాటు గడిపింది ఇక్కడేనని తరతరాల నమ్మకం. తవ్వితే బయటపడింది బౌద్ధుల మహాస్తూపం. అయినా జనం విరాటరాజును వదులుకోలేదు. వదులుకోవాల్సిన అవసరమూ లేదు. కానీ ఆ అజ్ఞాతవాసంలో ఒక సంగతి గమనించండి. పాండవుల్ని దాచింది కోట గోడలు కావు, ఒక ఇంటి చాకిరీ. రాణి సుదేష్ణ ద్రౌపదిని సైరంధ్రిగా తన అంతఃపురంలో చేర్చుకోబట్టి కథ నడిచింది. నేలకొండపల్లికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, గోపన్న తరం వెళ్లిపోయిన కొద్దికాలానికే నడిచిన సర్వాయి పాపన్న కథలోనూ ప్రతి మలుపులో ఒక ఇల్లు ఉంటుంది, ఆ ఇంట్లో ఎవరో తలుపు తీస్తారు, లేదా వేస్తారు.

ముందు కాలం సంగతి. 1686 మార్చిలో అక్కన్న మాదన్నలు హైదరాబాదు నడివీధిలో హత్యకు గురయ్యారు. మరుసటి ఏడు ఔరంగజేబు గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించాడు. ఫిరంగులకు లొంగని కోట, 1687 సెప్టెంబరులో ఒక రాత్రి లోపలి మనిషి తలుపు తీయడంతో పడిపోయింది. తానీషాను దౌలతాబాదుకు తీసుకుపోయి బందీగా ఉంచారు. తెలుగు దేశం మొఘల్ సుబా అయింది.

పేరు మారినంత తేలిగ్గా పరిపాలన మారలేదు. కుతుబ్‌షాహీల కింద లెక్కలు రాసినవాళ్లు తెలుగు నియోగులు, పల్లెల్లో పన్ను రాబట్టినవాళ్లు స్థానిక దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు. వాళ్లకు ఊరు తెలుసు, ఊరికి వాళ్లు తెలుసు. ఇప్పుడు వాళ్ల నెత్తిన ఉత్తరాది నుంచి వచ్చిన ఫౌజుదార్లు కూచున్నారు. ఔరంగజేబు అప్పటికి మరాఠాలతో తెగని యుద్ధంలో ఉన్నాడు. దానికి డబ్బు కావాలి. హైదరాబాదు సుబా ఆయన కళ్లకు బొక్కసంలా కనిపించింది. అడిగినంత రాబట్టలేని జమీందార్లు తిరగబడ్డారు, రాబట్టగలిగినవాళ్లు కోటలు కట్టుకున్నారు. ఎవరి గుట్ట వాళ్లది, ఎవరి బురుజు వాళ్లది. దీనికితోడు 1702 నుంచి 1704 దాకా దక్కనంతా కరువు. హైదరాబాదు నుంచి వరంగల్లు వెళ్లే బాట మీద సరుకు తిరుగుతూనే ఉంది, కాపలా మాత్రం పలచబడింది.

ఆ బాటకు దగ్గర్లోనే ఉంది తాటికొండ. ఇప్పటి జనగామ జిల్లాలో, ఘనపురం దగ్గర. పాపన్న ఆ ఊరి గౌండ్లవాడు. గీత పని అంటే తెలియనివాళ్ల కోసం: తెల్లవారకముందే మోకు నడుముకు చుట్టుకుని, ముస్తాదు కట్టుకుని, గీత కత్తి పెట్టుకుని తాడిచెట్టెక్కాలి. గెలను సన్నగా గీసి లొట్టి కట్టాలి. మళ్లీ పొద్దు గుంకేలోగా ఎక్కి దించాలి. తాడు మీద పాదం జారితే కింద నేలే. ఇంత చేసినా పండిన సొమ్ములో పెద్ద వాటా చెట్టు పన్నుకే పోతుంది. జానపదుల పాటలో తల్లి కొడుకును బతిమాలుతుంది, కులవృత్తి చేసుకోమని. కొడుకు వినడు. ఆ పాటను 1874లో బోయిల్ అనే తెల్లదొర సేకరించి అచ్చు వేయించాడు. అంటే పాపన్న పోయి నూటయాభై ఏళ్లు దాటాక కూడా జనం దాన్ని పాడుకుంటున్నారన్న మాట.

మనకున్న రెండో ఆధారం పారశీకంలో ఉంది. మొఘలుల చరిత్ర రాసిన ఖాఫీ ఖాన్ పాపన్న గురించి చాలా వివరంగా, చాలా కోపంగా రాశాడు. పాటలో పాపన్న పుట్టు వీరుడు, ఖాఫీ ఖాన్ రాతలో పచ్చి దొంగ. రెండూ కొంత దాచాయి. పాట ఆయన ఎత్తుకుపోయిన ఆడవాళ్ల గురించి మాట్లాడదు, ఖాఫీ ఖాన్ ఆయన వెంట అంతమంది ఎందుకు నడిచారో అడగడు. నాకైతే ఒకదాన్ని నమ్మి రెండోదాన్ని పారేయడం కుదరదనిపిస్తుంది.

ఖాఫీ ఖాన్ చెప్పే మొదటి ఇల్లు పాపన్న సోదరిది. ఆమె వితంతువు, డబ్బున్న మనిషి. 1690ల చివర్లో పాపన్న కొందర్ని కూడగట్టి ఆమె ఇంటి మీదే పడ్డాడు. ఆమెను కొట్టి ఉన్న సొమ్మూ నగలూ దోచాడు. ఆ పెట్టుబడితో మనుషుల్ని పెట్టుకుని, తాటికొండ గుట్ట మీద మోటుగా ఒక కోట కట్టి, బాట మీద వర్తకుల్ని కొట్టడం మొదలుపెట్టాడు. ఈ ఘట్టాన్ని ఇవాళ జయంతి సభల్లో ఎవరూ చెప్పరు. చెప్పకపోతే మాత్రం తర్వాతి కథ సగమే అర్థమవుతుంది. సొంత రక్తం ఇంటి గడప దాటి దొంగతనానికి దిగినవాణ్ని, చివరి దాకా బంధుత్వమే వెంటాడింది.

చుట్టుపక్కల ఫౌజుదార్లు, జమీందార్లు కలిసి తరిమేశారు. పాపన్న పడమటికి పారిపోయి కౌలాసు చేరాడు. ఇప్పటి కామారెడ్డి జిల్లాలో, మహారాష్ట్ర కర్ణాటక సరిహద్దుల దగ్గరుంటుంది ఆ కోట. అక్కడి జమీందారు వెంకటరావు కొలువులో జమేదారుగా చేరాడు. బుద్ధిగా ఉంటాడనుకుంటే అక్కడా దారి కాచడమే. వెంకటరావు పట్టుకుని చెరలో వేశాడు.

ఇక్కడ రెండో ఇల్లు. కొన్ని నెలలకు వెంకటరావు కొడుక్కి జబ్బు చేసింది. బందీల్ని విడిచిపెడితే ఆ పుణ్యం బిడ్డను కాపాడుతుందని తల్లి నమ్మింది. చెర తలుపులు తీయించింది. బిడ్డ కోలుకున్నాడో లేదో గానీ, మొఘల్ సుబాకు పట్టిన జబ్బు మాత్రం ఆ రోజే మొదలైందని చెప్పాలి. ఆ బందీలతో పాపన్న కూడా బయటికొచ్చాడు.

ఈసారి సొంతూరు గుట్టకు పోలేదు. తాటికొండకు కొద్ది మైళ్లలో ఉన్న షాపురం చేరి, సర్వ అనే మరో నాయకుడితో చేయి కలిపాడు. ఇప్పుడు మనం ఖిలాషాపూర్ అనేది ఆ ఊరినే, రఘునాథపల్లి మండలంలో ఉంది. మనుషులు గుమిగూడారు. పాటలో పాపన్న అనుచరుల పేర్లు వింటే ఊరు ఊరంతా కళ్ల ముందు నిలుస్తుంది: చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల, తురక. పెద్దకులాల పేర్లు వెతికినా దొరకవు. ఎవరి చేతి పని వాళ్లకుంది గానీ ఎవరికీ చేతి నిండా భూమి లేదు. పాపన్న వెంట నడిచినవాళ్లు మతం చూసి నడవలేదు, ఆయన దోచినప్పుడూ హిందువా ముసల్మానా అని చూడలేదు. డబ్బున్న ఇల్లయితే చాలు. ఎత్తుకుపోయిన ఆడవాళ్లలోనూ రెండు మతాలవాళ్లూ ఉన్నారు. వాళ్ల తరపు ఫిర్యాదులే ఔరంగజేబు దాకా వెళ్లాయి.

హుకుం దిగింది. కొలనుపాక ఫౌజుదారు ఖాసిం ఖాన్ సైన్యంతో వచ్చాడు, షాపురం దగ్గర పోరులో చచ్చిపోయాడు. తర్వాత హైదరాబాదు నుంచి సుబా అధికారి రుస్తుం దిల్ ఖానే స్వయంగా కదిలొచ్చి ముట్టడి వేశాడు. రెండు నెలలకు పాపన్న, సర్వ తప్పించుకుపోయారు. రుస్తుం దిల్ ఖాన్ ఖాళీ కోటను పేల్చేసి, గెలిచానని రాసుకుని వెళ్లిపోయాడు. ఆయన వెనుదిరగడమే ఆలస్యం, వీళ్లు తిరిగొచ్చి ఈసారి రాయీ సున్నంతో కట్టుకున్నారు. గోడల మీద ఫిరంగులు పెట్టారు. కొంతకాలానికి సర్వ ఒక సర్దారుతో ద్వంద్వయుద్ధానికి దిగాడు, ఇద్దరూ పోయారు. షాపురం పాపన్న ఒక్కడిదైంది.

షాపురం గుట్ట మీది దాగుడు గుహ కాదు, ఊళ్లోనే ఉంది. గుండ్రటి బురుజులు, ఎత్తు గోడలు, లోపల కాపురం. ఇది ఇల్లు కూడా అన్నది మరిచిపోకూడదు. పాపన్న భార్య అక్కడే ఉంది, వంట అక్కడే జరిగింది, బందీలకు కూడు అక్కడి నుంచే వెళ్లింది. లంబాడీల బిడారుల నుంచి లాక్కున్న ఎద్దులు వేలల్లో ఉండేవట. వాటిని అమ్ముకోలేదు, నాగళ్లకు కట్టించి పొలాలు దున్నించాడు. దోచుకుని పారిపోయేవాడు దుక్కి దున్నించడు. పాపన్న మనసులో ఉన్నది దొంగల గుంపు కాదు, జమీందారీ. చుట్టూ ఉన్న రెడ్లు, వెలమ దొరలు గుట్టల మీద కోటలు కట్టి దొరలైనట్టే తానూ కావాలనుకున్నాడు. గౌండ్లవాడు దొర ఎలా అవుతాడన్నది ఆ దొరల బాధ. అందుకే ప్రతిసారీ మొఘల్ సైన్యం పక్కన వాళ్ల మనుషులు కూడా నిలబడ్డారు.

1707లో ఔరంగజేబు చనిపోయాడు. కొడుకులు సింహాసనం కోసం కొట్టుకుంటున్నారు. అదే ఏడు రుస్తుం దిల్ ఖాన్ మళ్లీ షాపురం మీదికొచ్చి, రెండు మూడు నెలలు కూచుని, పాపన్న ఇచ్చిన సొమ్ము పుచ్చుకుని ఇంటిముఖం పట్టాడు. సుబా అధికారి ధర ఎంతో తెలిసిపోయాక పాపన్నకు ఇక బాట మీది వర్తకులు చిల్లరగా కనిపించారు.

1708 మార్చి నెలాఖరు. మొహర్రం పదో రోజుకు ముందు రాత్రి. వరంగల్లు పట్నమంతా పీర్ల సందడిలో ఉంది. పాపన్న రెండు మూడు వేల కాల్బలంతో, నాలుగైదు వందల గుర్రాలతో చీకట్లో వచ్చి చేరాడు. కొందరు దారులు కట్టేశారు. ఏప్రిల్ 1 తెల్లవారుతుండగా మిగతావాళ్లు గోడలెక్కారు. మోకు పట్టి తాళ్లెక్కినవాళ్లకు కోటగోడ ఒక లెక్కా అనిపిస్తుంది ఇది చదివితే. కాకతీయుల నాటి ఆ పట్నం అప్పటికి తివాచీల నేతకు పేరుమోసింది, వర్తకులున్నారు, సొమ్ముంది. రోజుల తరబడి దోపిడీ సాగింది. ఉన్నవాళ్ల కుటుంబాల్ని, ఖాజీ ఇంటి ఆడవాళ్లతో సహా, షాపురానికి తోలుకుపోయారు. వాళ్లను ఉంచడానికి అక్కడ ఇంకో కోట లేపాల్సి వచ్చింది. దోచిన సొమ్ముతో పాపన్న వందల కొద్దీ తుపాకులు కొన్నాడు, తీరంలో కొఠీలున్న విదేశీ కంపెనీల సరుకు. మరి రెండు నెలలకు భువనగిరి మీద పడ్డాడు. ఆ గుట్టను ఎక్కడం సాధ్యం కాలేదు, అయినా కింది ఊళ్లోంచి బందీలు దొరికారు.

ఇక్కడ కథ ఎవరూ ఊహించని మలుపు తిరుగుతుంది. 1709 జనవరిలో కొత్త పాదుషా బహదూర్ షా తమ్ముడు కాంబక్షును హైదరాబాదు దగ్గర ఓడించి దర్బారు తీర్చాడు. ఆ దర్బారుకు పాపన్న వెళ్లాడు. 14 లక్షల రూపాయలు నజరానాగా చెల్లించుకున్నాడు. పాదుషా ఖిలాత్ కప్పించాడు. తాళ్లెక్కే మనిషి భుజాల మీద మొఘల్ సన్మాన వస్త్రం! ఈ ఒక్క దృశ్యం చాలు, ఆయన ఎటు నడుస్తున్నాడో తెలియడానికి. గోపన్న పన్ను సొమ్ము గుడికి పెట్టి ఖైదుకు పోయాడు. పాపన్న పన్ను సొమ్మును, పన్ను కట్టేవాళ్లనూ దోచి, అందులోంచే కట్టి దొర అనిపించుకోబోయాడు.

అనిపించుకోలేకపోయాడు. తమ ఇళ్ల ఆడవాళ్లు ఇంకా షాపురంలో బందీలుగా ఉండగా ఆ దొంగకు సన్మానమా అని హైదరాబాదు పెద్దలు షా ఇనాయత్ అనే గౌరవనీయుణ్ని ముందుపెట్టుకుని పాదుషా దగ్గర మొరపెట్టుకున్నారు. పాదుషా ఆ పనిని కొత్త సుబేదారు యూసుఫ్ ఖాన్‌కు అప్పగించాడు.

యూసుఫ్ ఖాన్ సేన రాకముందే షాపురం లోపలి నుంచే చేజారింది. బందీల్లో పాపన్న బావమరిది ఒకడున్నాడు. సర్కారు కొలువులో ఫౌజుదారు. భార్య తోడబుట్టినవాణ్నే చెరలో పెట్టి, ఆ చెర ఉన్న గోడల మధ్యే ఆమెతో కాపురం చేస్తున్నాడు పాపన్న. ఆమె రోజూ తోడబుట్టినవాడికి కూడు పంపేది. ఒక రోజు ఆ కూట్లో ఆకురాళ్లు పెట్టింది. పాపన్న ఊళ్లో లేడు, పక్క జమీందారు గడిని ముట్టడించడానికి వెళ్లాడు. బందీలు సంకెళ్లు కోసుకున్నారు, కాపలావాళ్లను లొంగదీశారు, కోట తలుపులు వేసుకున్నారు. కబురంది పరుగున వచ్చిన పాపన్న మీదికి ఆయన పెట్టించిన ఫిరంగులే పేలాయి.

రుస్తుం దిల్ ఖాన్ నెలలు కూచుని కూడా సాధించలేని పని అది. ఆమె పేరు ఖాఫీ ఖాన్ రాయలేదు. పాట ఆమె జోలికే పోదు. పాపన్న కథలో ఇంత తెలివీ తెగువా చూపించిన మనిషి మరొకరు లేరని నా అభిప్రాయం. దొరికితే ఏమవుతుందో ఆమెకు తెలియనిది కాదు.

వెనకనుంచి మొఘల్ సేన వచ్చేసరికి పాపన్నకు మిగిలింది మొదట కట్టుకున్న గుట్టే. తాటికొండలో దూరాడు. ముట్టడి నెలల తరబడి సాగింది. యూసుఫ్ ఖాన్ ఫిరంగుల కన్నా పదునైన ఎత్తు వేశాడు: కోట దిగి వచ్చినవాళ్లకు రెట్టింపు జీతం. తిండి తరిగిన కడుపులకు ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో చెప్పక్కర్లేదు. ఒక్కొక్కరే దిగిపోయారు. మందుగుండు అయిపోవచ్చింది.

1710 మే. పాపన్న ఎవరికీ చెప్పలేదు, కన్నకొడుకులకు కూడా. చెప్పులు ఒక ద్వారం దగ్గర విడిచాడు. హుక్కా ఇంకో ద్వారం దగ్గర పెట్టాడు. చెప్పులు చూసినవాళ్లు ఇక్కడే ఉన్నాడనుకుంటారు, హుక్కా చూసినవాళ్లు అక్కడున్నాడనుకుంటారు. ఆయన ఉత్త కాళ్లతో మరో దారిన గుట్ట దిగిపోయాడు. కొడుకులు ఆ రెండు ద్వారాల మధ్య వెతుకుతూనే ఉన్నారు. ఒకప్పుడు మూడు వేలమందిని నడిపినవాడు, ఎండాకాలం మట్టిబాటలో ఒంటరిగా, గాయపడి.

రెండు రోజులకు హసనాబాదు అనే ఊరు చేరి, కల్లు దుకాణంలో కూచున్నాడు. ఎక్కడికెళ్లినా ఎవరో ఒకరు గుర్తుపట్టే మనిషి, తలదాచుకోవడానికి ఎంచుకున్న చోటు కులపోడి మండువ. లొట్టి వాసన, ఈగల మోత, నీడ, ఏం అడక్కుండా ముంత అందించే మనిషి. ఏళ్ల కింద తాను వదిలేసిన బతుకు అది. ఆ కల్లమ్మేవాడు ముంత అందించాడు, మనిషిని పోల్చుకున్నాడు, మెల్లిగా బయటికెళ్లి కబురు పంపాడు. వచ్చినవాడు మరెవరో కాదు, ఆకురాయితో సంకెళ్లు కోసుకున్న బావమరిదే.

కల్లమ్మేవాడు ఎందుకు చెప్పాడు? డబ్బు కోసమా, భయానికా, లేక వాడి ఇంట్లోనూ పాపన్న మనుషులు పెట్టిన గాయమేదైనా ఉందా? పాపన్నను పేదల దేవుడని చెప్పేవాళ్లు ఈ ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించాలి. ఉత్త దొంగ అనేవాళ్లు ఇంకో ప్రశ్న దగ్గర ఆగాలి. రాజ్యమంతా వెతుకుతున్నవాడు పదేళ్లకు పైగా ఎవరి గుడిసెల్లో తిన్నాడు, ఎవరు చెబితే సైన్యం కదలికలు తెలిశాయి? అంతమంది నోళ్లు అన్నాళ్లు మూతపడకపోతే హసనాబాదు చాలా ముందే వచ్చేది.

దాచిన సొమ్ము ఎక్కడుందో చెప్పమని యూసుఫ్ ఖాన్ కొన్నాళ్లు ఉంచి అడిగించాడు. తర్వాత అంగాంగం నరికించాడు. తల ఢిల్లీకి పంపారు, మొండెం హైదరాబాదు దర్వాజాకు వేలాడదీశారు. పాటకు ఈ చావు నచ్చలేదు. పాటలో పాపన్న శత్రువుకు చిక్కకుండా తన ప్రాణం తానే తీసుకుంటాడు.

తెలంగాణ ప్రభుత్వం ఇప్పుడు ఆగస్టు 18న పాపన్న జయంతిని అధికారికంగా జరుపుతుంది. ఊరూరా మోకు భుజానేసుకున్న గౌడ సంఘాలు, గుర్రం మీద కత్తి దూసిన విగ్రహాలు. ఖిలాషాపూర్ బురుజులు ఇంకా నిలబడే ఉన్నాయి. చూడబోయేవాళ్లు ఫిరంగులు పెట్టిన గోడలు ఎక్కి చూస్తారు. కూడు వెళ్లిన దారి ఏదై ఉంటుందో కూడా ఒకసారి వెతకండి.

వచ్చే భాగంలో మళ్లీ గోదారి ఒడ్డుకు, భద్రాచలం అడవికి వెళదాం. 1860లో నిజాం ఆ తాలూకాను ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. 1874లో అది మద్రాసు రాజధానిలో కలిసింది. అప్పటిదాకా గొడ్డలికి నాలుగణాల చొప్పున పోడు పన్ను కడుతున్న కొండరెడ్లకు, కోయలకు ఒక్కసారిగా మూడింతల లెక్క చెప్పారు, కొన్ని చెట్లు కొట్టకూడదన్నారు. 1879లో రంప పితూరీ రాజుకున్నప్పుడు రేకపల్లి అడవిలో అంబుల్‌రెడ్డి అనేవాడు మనుషుల్ని ఎలా కూడగట్టాడో, గోడల్లేని అడవిలో దాక్కున్నవాళ్లను పట్టుకోవడానికి మద్రాసు సైన్యం ఎన్ని తంటాలు పడిందో అక్కడ చూద్దాం.